గాలి లెక్క

కోయంబత్తూరులో రేసు కార్లు తయారుచేసే ఒక షెడ్డుకి ఓ ఆసామి తన కారు తోలుకొచ్చాడు. 1600 సీసీ ఇంజిన్, 6000 ఆర్‌పీఎం దగ్గర 100 హార్స్‌పవర్. దానికి సూపర్‌ఛార్జర్ బిగించాలి.

"అర బార్ బూస్ట్ పెడితే ఎంతొస్తుంది?" అని అడిగాడు.

మేస్త్రి తన శిష్యులిద్దరి వైపూ చూశాడు. పెద్దవాడు వెంటనే అందుకున్నాడు. "బయటి గాలి ఒక బార్, మనం పైన తోసేది అర బార్. ఒకటిన్నర రెట్లు. 150 వస్తుందండీ." ఆసామి మొహం వెలిగింది.

చిన్నవాడు కాగితం తీశాడు. షెడ్డులో గాలి 30 డిగ్రీలుంది. బ్లోయర్ (అంటే ఆ సూపర్‌ఛార్జర్) సామర్థ్యం 6000 ఆర్‌పీఎం దగ్గర 60 శాతం. ఆ లెక్కన, నొక్కిన గాలి 92 డిగ్రీలకి వేడెక్కి బయటికొస్తుంది. వేడెక్కితే గాలి పలచబడుతుంది. అందుకే ఒత్తిడి ఒకటిన్నర రెట్లున్నా సిలిండర్లకి చేరే గాలి బరువు ఒకటింబావు రెట్లే. పెట్రోలు మండేది ఆ బరువుకి తగ్గట్టే. పైగా బ్లోయర్ని తిప్పే బెల్టు ఇంజిన్ దగ్గరే ఏడెనిమిది హార్స్‌పవర్ లాగేసుకుంటుంది.

"117 దాకా రావాలండీ. వేడికి నాకింగ్ మొదలైతే స్పార్క్ టైమింగ్ వెనక్కి జరపాలి. అప్పుడు ఇంకో రెండు మూడు తగ్గుతుంది." ఆసామి మొహం చిన్నబోయింది.

బిగించారు. ఇంజిన్ బలం కొలిచే డైనో మీద 114 వచ్చింది.

"మిగతాదంతా ఏమైంది?" అని ఆసామి నిలదీశాడు. బెల్టు జారుతోందేమో, చిన్న పుల్లీ వేసి బూస్ట్ పెంచుదామన్నాడు పెద్ద శిష్యుడు. "వద్దురా, ఇంకా తిప్పితే గాలి ఇంకా కాగుతుంది. పిస్టన్లు పోతాయి" అని మేస్త్రి ఆపాడు. చిన్నవాడి కాగితం తెప్పించుకుని వేడి లెక్క మీద వేలు పెట్టాడు. ఇంటర్‌కూలర్ అమర్చి గాలిని 45 డిగ్రీలకి దించారు. డైనో 130 చూపింది.

ఆసామి అడగని సంగతి కూడా ఆ కాగితంలో ఉంది. తాము బిగించిన రూట్స్ రకం బ్లోయర్ ప్రతి చుట్టుకీ ఇంతని గాలి తోస్తుంది కాబట్టి 2500 ఆర్‌పీఎం దగ్గరే బూస్ట్ దాదాపు నిండుగా ఉంటుంది, టార్క్ అక్కడి నుంచే పెరుగుతుంది. సెంట్రిఫ్యూగల్ రకమైతే సగం వేగంలో బూస్ట్ సుమారు పావు వంతే. మేట్టుపాళయం నుంచి కూనూరు ఘాట్ ఎక్కేవాడికి గరిష్ఠ హార్స్‌పవర్ కంటే ఈ టార్కే ముఖ్యం.

నీతి: అంచనాని మెట్టుమెట్టుగా కట్టు. తప్పినా, ఏ మెట్టు దగ్గర తప్పిందో అదే చూపిస్తుంది.

పెద్దవాడి 150లో వెతకడానికి మెట్లే లేవు. అందుకే డైనో కాదన్నాక అతనికి తోచింది బూస్ట్ పెంచడం ఒక్కటే. లెక్కని విడదీసి చూడటం ఎంత దూరం తీసుకెళ్తుందో స్టాన్లీ హుకర్ పని చెబుతుంది. 1938లో డెర్బీలోని రోల్స్‌రాయిస్‌లో చేరినప్పుడు ఆయన గణితజ్ఞుడు, ఇంజిన్ల పని తెలియదు. అక్కడి విమాన ఇంజిన్ మెర్లిన్ సూపర్‌ఛార్జర్ పరీక్షల అంకెలు ముందేసుకుని నష్టం ఎక్కడెక్కడ జరుగుతోందో తేల్చాడు. ఆ దారిలోనే మెర్లిన్ 45 వచ్చింది. రెండంచెల సూపర్‌ఛార్జర్, ఇంటర్‌కూలర్ ఉన్న మెర్లిన్ 61తో 1942లో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం తొమ్మిదో రకం యుద్ధంలోకి దిగింది.