మన నెత్తుటిలో ఇనుము

మనిషి విలువ పుట్టుకతో వస్తుందా? మా విషయంలో ఈ ప్రశ్న అడిగినవాళ్లూ, జవాబు చెప్పినవాళ్లూ ఇతరులే. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. దాంతో ఎరుకల ఇంట పుట్టడమే అనుమానానికి చాలిన కారణమైంది. కొన్నిచోట్ల యానాదులదీ అదే గతి. 1952లో ఆ చట్టం పోయింది. చూపు పోలేదు. ఊళ్లో దొంగతనం జరిగితే ఇప్పటికీ ముందు మా గుడిసెల వైపే చూస్తారు.

పుట్టుక గురించే మాట్లాడాలంటే మొదటినుంచీ మాట్లాడుకుందాం.

చలికాలం రాత్రి తలకోన కొండల మీద పిల్లలకోడి కనిపిస్తుంది. ఆ చుక్కల గుంపుకు పెద్దలు పెట్టిన పేరు భలే కుదిరింది. అవన్నీ సుమారు 10 కోట్ల ఏళ్ల కింద ఒకే మేఘం నుంచి పుట్టినవి. వాయువూ ధూళీ కలిసిన చల్లని మేఘం తన బరువుకు తానే కుంగి ముద్దవుతుంది. నడిమి భాగం నలిగి వేడెక్కుతుంది. వేడి కోటి డిగ్రీల దాకా చేరాక హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం అవుతాయి. అప్పుడు కొంత పదార్థం వెలుగుగా మారుతుంది. మన సూర్యుడు సెకనుకు 40 లక్షల టన్నులకు పైగా పదార్థాన్ని ఇలా వెలుగు చేస్తున్నాడు.

సూర్యుడికి 8 రెట్లకు పైగా బరువున్న నక్షత్రాల్లో పని అక్కడితో ఆగదు. హీలియం నుంచి కార్బన్, ఆక్సిజన్, ఆపైన సిలికాన్, చివరికి ఇనుము తయారవుతాయి. ఇనుము దగ్గర పొయ్యి ఆరిపోతుంది. నక్షత్రం లోపలికి కూలి, పేలి, వండినదంతా ఆకాశంలో చల్లేస్తుంది. ఆరిపోయిన చిన్న నక్షత్రాలు కొన్ని పేలినప్పుడూ చాలా ఇనుము పుడుతుంది. అదంతా కలిసిన మేఘం నుంచే 460 కోట్ల ఏళ్ల కింద సూర్యుడూ భూమీ వచ్చాయి. ఎరుకల ఆడమనిషి బుట్ట అల్లడానికి వెదురు చీల్చే కత్తిలో, ఆమె మగడికి వేసిన బేడీలో, బేడీ వేసిన పోలీసు నెత్తుటిలో ఉన్నది ఆ ఇనుమే.

ఈ సంగతి కనిపెట్టినవాళ్లలోనూ గెంటివేతకు గురైనవాళ్లున్నారు. చుక్కల వెలుగును చదివే సూత్రాన్ని 1920లో ఇచ్చిన మేఘనాథ్ సాహాను కలకత్తా హాస్టల్లో పైకులాల విద్యార్థులు తమతో కూర్చుని తిననివ్వలేదు. ఆ సూత్రంతోనే నక్షత్రాల్లో ఎక్కువ భాగం హైడ్రోజనేనని 1925లో చూపిన సిసిలియా పేన్‌కు, ఆడమనిషని, కేంబ్రిడ్జి పట్టా ఇవ్వలేదు.

పదార్థం ఒకటే కాబట్టి అందరం సమానం అంటే సరిపోతుందా? మేమలా అనుకోం. రాయిలోనూ అదే పదార్థముంది. చుక్కలు ఇనుమిచ్చాయి. దాన్ని కత్తి చేయాలో బేడీ చేయాలో చెప్పలేదు. అది మనుషుల తీర్పు. నక్షత్రాల వల్ల తేలేది ఒక్కటే: ఎక్కువ తక్కువ పుట్టుకలు ప్రకృతిలో లేవు. ఉన్నాయంటే మనుషులు చేసినవే. కాబట్టి జవాబు చెప్పాల్సిందీ మనుషులే.

శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. ఆ దీవి అడవిలో దుంపలు తవ్వుకుని, చేపలు పట్టుకుని బతికిన యానాదులను రాకెట్ కేంద్రం కోసం కదిలించారు. 1971 అక్టోబరు 9న అక్కడ మొదటి రాకెట్ ఎగిరింది. చుక్కలను చూసే ఆస్ట్రోశాట్ 2015లో, సూర్యుణ్ణి చూసే ఆదిత్య-ఎల్1 2023లో అక్కడినుంచే వెళ్లాయి. ఆ చదువు వద్దని మేమనం. మా పుట్టుక నేరం కాదని చెప్పే సాక్ష్యం అందులోనూ ఉంది. అయితే చోటు వదిలినవాళ్ల పిల్లలకు ఆ పాఠం చెప్పే బడి కావాలి, పట్టా ఉన్న ఇంటిస్థలం కావాలి. రక్తం చాలక కాన్పుకు భయపడే మన ఆడబిడ్డలకు, నెత్తుటిలో ఇనుము నిలిచేటంత తిండి కావాలి. ఇది దానం కాదు, బాకీ. దీన్ని ఆకాశం తీర్చదు.