పండుగ దినములలో ఈ దేహమను ఆలయము



ధ్యాన భాగము: 1 రాజులు 19:4-8

డిసెంబరు నెల వచ్చినదంటే మన సంఘములకు తీరిక ఉండదు. సండే స్కూలు క్రిస్మస్, స్త్రీల సమాజము క్రిస్మస్, యౌవనుల క్రిస్మస్, కేరల్స్, పండుగ ఆరాధన, ప్రేమవిందు, ముప్పై ఒకటవ తేదీ రాత్రి ఆరాధన. ప్రతి కూడికకు కేకు, ప్రతి ఇంట అరిసెలు, ప్రతి విందుకు బిర్యానీ. జనవరి రెండవ వారములో డాక్టరుగారి గది బయట కూర్చున్న వారిని చూచితే, ఇది మన సంఘ కూడికేమో అనిపించును.

మా సంగతి దాచుకొనము. కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మస్ ఉదయము షుగరు మాత్ర వేసికొని, ఆరాధన అయిన తరువాత తినవచ్చునులే అని ఏమియు తినక గుడికి వెళ్ళితిమి. పాటలు, పిల్లల నాటిక, సాక్ష్యములు, కానుకలు అన్నియు ముగియుసరికి మధ్యాహ్నము ఒంటిగంట అయినది. అప్పుడు వాక్యము చెప్పుటకు లేచితిమి. చెమటలు పట్టినవి, చేతులు వణికినవి, బైబిలులోని అక్షరములు కదలినట్లు కనబడినవి. రెండవ వచనము చదువకముందే కూలబడితిమి. కొందరు ప్రార్థన మొదలుపెట్టిరి, అది మంచిదే. అయితే నర్సు పని చేయు మన సహోదరి ఒకరు పరుగున వచ్చి, మాకింకను తెలివి ఉన్నదని చూచుకొని, గ్లాసెడు నీళ్ళలో పంచదార కలిపి త్రాగించిరి. తెలివి తప్పినవారి నోట ఏమియు పోయరాదనియు, వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెననియు ఆమె ఆనాడే అందరికి చెప్పిరి. ఆ దినమున మేము చెప్పదలచిన సందేశము సమర్పణను గూర్చినది. పిల్లలకు నేటికిని జ్ఞాపకమున్నది మాత్రము మేము పడిన సంగతే.

ఏలీయాను చూడుడి. కర్మెలు పర్వతముమీద అగ్నిని రప్పించిన ప్రవక్త, యెజెబెలునకు భయపడి అరణ్యములోనికి ఒక దినప్రయాణము పారిపోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొనెను. అప్పుడు దేవుడు అతనికి ప్రసంగము చేయలేదు, అవిశ్వాసివని గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను. దూతచేత నిప్పులమీద కాల్చిన అప్పమును నీళ్ళను పంపెను. తిని మరల పండుకొనగా మరల లేపి తినిపించెను, ప్రయాణము అతని శక్తికి మించినది గనుక. ఆ బలముతో అతడు నలువది రాత్రింబగళ్ళు నడచి హోరేబు చేరెను. దేవుడు అతనితో మాటలాడిన సంగతులు ఆ తరువాతివి. మనమైతే ముందు మాటలు, పిమ్మట ఆకలి అన్నట్లు చేయుచున్నాము! ఉపవాసము తప్పని మేము అనుట లేదు. మాత్రలు, ఇన్సులిన్ వాడువారు డాక్టరును అడుగక ఉపవాసముండుట ప్రమాదమని మాత్రమే చెప్పుచున్నాము.

ఇక భోజనము సంగతి. నెహెమ్యా 8:10లో పండుగనాడు మంచి భోజనము, మధురమైన పానము వద్దనలేదు. అయితే ఏమియు సిద్ధము చేసికొనని వారికి భాగములు పంపుడని కూడ ఉన్నది. మనకు మొదటి సగము బాగుగా జ్ఞాపకముండును. అరిసెల డబ్బా మన ఇంటనే ఖాళీ అగుటకంటె నాలుగు ఇండ్లకు నడచి పంచినయెడల వారికి సంతోషము, మన కాళ్ళకు పని. షుగరున్న విధవరాలి ఇంటికి మాత్రము అరిసెలు కాక రెండు జామపండ్లు పట్టుకొని వెళ్ళుడి. ఉప్పు దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పచ్చళ్ళు, చెక్కలు, బిర్యానీ కలిసిన దినమున ఆ లెక్క ఎక్కడ నిలుచును? మరుసటి దినము రాగి సంకటి, ఆకుకూరతో సరిపెట్టుకొనుట మేలు.

ఆ సంస్థయే వారమునకు కనీసము 150 నిమిషములు చురుకుగా నడువుమనుచున్నది, అరువది దాటిన వారికిని అదే లెక్క. మన పండుగ అసలు నడక పండుగ. యోసేపు మరియలు నజరేతునుండి బేత్లెహేమునకు వచ్చినది నూరు కిలోమీటర్లు దాటిన దారి. మన నాటికలలో కనబడు గాడిద లూకా సువార్తలో లేదు! 1854 జనవరి 1 తెల్లవారుజామున జూవెట్ దొరగారు, దొరసానిగారు, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కియే ప్రార్థించిరి. కోలారు బంగారు గనులు 2001లో మూతపడినవి గాని, ఆ లైన్లలో ఇల్లిల్లు నడచి కేరల్స్ పాడిన మన పెద్దలు కొందరు ఇంకను ఉన్నారు. ఇప్పుడు వ్యాను, మైకు వచ్చినవి. వీధి మలుపునకు కూడ వ్యానే.

మేము పడిన తరువాత మా సంఘ పెద్దలము కూర్చుండి కొన్ని సంగతులు తీర్మానించితిమి. పండుగ ఆరాధన రెండు గంటలకు మించదు. మాత్రలు వేసికొనువారు తిని రావలెను, అందుకు సిగ్గుపడనక్కరలేదు. ప్రేమవిందులో వృద్ధులకే మొదటి బంతి. దగ్గరి ఇండ్ల కేరల్స్ నడచియే. ముప్పై ఒకటవ తేదీ రాత్రి చలిలో రాలేని వృద్ధులు ఉదయ ఆరాధనకు వచ్చినయెడల, వారి విశ్వాసము తగ్గినదని ఎవరును అనరాదు. ఛాతీలో నొప్పి వచ్చినయెడల గ్యాసని సరిపెట్టుకొనక, పాట మధ్యనైనను లేచి ఆసుపత్రికి పోవలెను.

జనవరి 1న ఎండ వచ్చిన తరువాత గుడి వద్ద కలిసికొని, మంచము పట్టిన సహోదరుల ఇండ్లకు నడచి వెళ్ళి ప్రార్థించుట కూడ అప్పటినుండి జరుగుచున్నది. మేమును చేతికర్రతో వత్తుము. జేబులో బిస్కట్ల పొట్లము ఉండును.