భృతియు బాకీయు

నెల మొదటి దినమున నాదెండ్లవంటి గ్రామములో తెల్లవారుసరికే వీధులలో ఒక కదలిక పుట్టును. సచివాలయపు ఉద్యోగి వ్రేలిముద్రల యంత్రమును, రొక్కపు సంచిని పట్టుకొని గడపగడపకు వచ్చును. కాలు లేనివాడు అరుగుమీదికి జరిగి కూర్చుండును. చూపు లేని ముదుసలి తన వ్రేలిని కొంగుతో ముందుగనే తుడుచుకొని సిద్ధముగా నుండును. 2024 జూలై నుండి ఆంధ్రప్రదేశమున అంగవైకల్యము గలవారికి నెలకు 6,000 రూపాయలు, పక్షవాతాదులచే మంచము పట్టి లేవలేనివారికి 15,000 రూపాయలు ఇట్లు ముట్టుచున్నవి. లోకమున ఎన్ని కొరతలున్నను ఈ యొక్క దృశ్యమును చూచినపుడు మాకు సంతోషమే కలుగును.

అయితే ఒక ప్రశ్న మమ్ము విడువకున్నది. ఆ గడపమీదనే, ఆ రొక్కములోనుండియే, పాత పన్ను బాకీ పట్టుకొని మిగిలినది చేతిలో పెట్టుట ధర్మమా?

ఇది కేవలము ఊహించి తెచ్చిన ప్రశ్న కాదు. పింఛను పంచువేళ ఇంటిపన్ను మినహాయించుకొన్నారను వార్తలు ఆంధ్ర తెలంగాణములనుండి పత్రికలలో పలుమారులు వచ్చినవి. 2021లో, పూర్వము 1983 మొదలు 2011 వరకు ప్రభుత్వపు గృహఋణములు పొందినవారు గ్రామములందు 10,000 రూపాయలు చెల్లించినచో బాకీ తీరినట్లే యని ఒక పథకము వచ్చినది. అది ఐచ్ఛికమని ప్రభుత్వము చెప్పినది. అయినను ఆ డిసెంబరులో శ్రీకాకుళము జిల్లాలో ఒక గ్రామకార్యదర్శి, ఆ సొమ్ము కట్టనివారికి పింఛను నిలుపుదుమని ప్రకటన చేయగా, పై అధికారులు ఆతనిపై చర్య తీసికొనవలసి వచ్చినది. పైవారి ఆజ్ఞలో లేని కోత క్రిందివాని చేతికి ఎట్లు వచ్చినది? వసూలుకు వేళ మించిపోవుచున్నది. బాకీదారుని యెదుట రొక్కమున్నది. రెండును ఒక్క చేతిలోనే ఉన్నవి. ఇంతకన్న వేరు కారణమక్కరలేదు.

ఒక ఇంటిని ఊహింతము. మిరపకోతకు పోవుచు, ప్రత్తి బస్తాలు మోయుచు బ్రదికిన కూలివాడొకడు వెన్నెముక దెబ్బతిని అరుగెక్కినాడు. ఆతడు లేచి తిరిగిన దినములలోనే రెండేండ్ల ఇంటిపన్ను మిగిలినది. పడిపోయిన పిదప మరి నాలుగేండ్లది చేరినది. పింఛనులో మందులకింత, బియ్యము పప్పులకింత, తనను లేవదీసి కూర్చుండబెట్టు చెల్లెలి కొడుకు చదువునకింత అని ఆతడు పది దినములు ముందుగనే వ్రేళ్ళమీద లెక్క వేసికొని యుండును. ఆ దినమున చేతికి తక్కువ రొక్కము, దానితో నొక రసీదు వచ్చిన యెడల ఏది ఆగును? మందు ఆగును. రసీదు నొప్పిని మాన్పజాలదు.

ఎదుటి పక్షమువారి మాటను తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. పన్ను అనగా ఒకరి దయ కాదు, అందరి పూనిక. వీధిదీపము ఆ వికలాంగుని గుమ్మము ముందరనే వెలుగుచున్నది. మురుగుకాలువ ఆతని యింటి ప్రక్కనే పారుచున్నది. పొరుగింటి వితంతువు కూలి చేసి పన్ను కట్టినది. ఆమె కట్టగా ఈతనికి మాపు చేయుట ఆమెకు అన్యాయము కాదా యని వారడుగుదురు. ఈ ప్రశ్నలో బలము కలదు. బాకీ బాకీయే యని మేమును అంగీకరింతుము. మా వాదము బాకీ లేదని కాదు. దానికి ఈ సొమ్ము ఈడు కాదని.

ఏలయన, ఈ భృతి ఆతడు కూడబెట్టిన ఆస్తి కాదు. ఒకని దేహము చేయజాలని పనికి బదులుగా సంఘము చాచిన చేయి అది. ఇతరులకు దేవుడిచ్చిన రెక్కలు ఎట్టివో ఈతనికి ఈ సొమ్మట్టిది. బాకీ క్రింద ఎవడును బాకీదారుని చేతిని నరికి తీసికొనడు. మన ధర్మశాసనములు ఈ విషయమును చాలకాలము క్రిందటనే గ్రహించినవి. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ఋణగ్రస్తుని వంటపాత్రలను, కట్టుబట్టలను, పరుపును, పనివాని పనిముట్లను, సేద్యగాని పశువులను, విత్తనపు గింజలను జప్తునుండి తప్పించినది; సర్కారు పింఛనుదారుల భృతినిగూడ తప్పించినది. అంతకు ముందే, 1871 నాటి పింఛనుల చట్టము 11వ సెక్షను, అశక్తతను బట్టియో కనికరమును బట్టియో ప్రభుత్వమిచ్చు పింఛనును ఋణదాత కోరినంతమాత్రమున ఏ న్యాయస్థానమును పట్టరాదని విధించినది.

ఇందొక చిక్కు కలదు. ఈ మాటలు న్యాయస్థానమునకు, అందు దావా వేసిన ఋణదాతకు చెప్పినవి. సర్కారునకు తన బాకీ రాబట్టుటకు న్యాయస్థానపు గడప త్రొక్కవలసిన పనియే లేదు. 1864లో మద్రాసు ప్రభుత్వము చేసిన రెవెన్యూ రికవరీ చట్టము నేటికిని మనకు అమలులోనే యున్నది; దానిక్రింద డిక్రీ లేకయే బాకీదారుని సొత్తు జప్తుచేసి అమ్మవచ్చును. అయినను ఆ కఠినమైన జప్తునకు సైతము తాఖీదు కలదు, జాబితా కలదు, బహిరంగమైన వేలము కలదు. గడపమీది కోతకు అవియు లేవు. షాహుకారు చేసిన తప్పగు పని సర్కారు చేసిన ఒప్పగునా? కోర్టుద్వారా చేయరానిది కోర్టు లేకుండ చేసిన యెడల పుణ్యమగునా?

ఆతడు ఇష్టపడియే ఇచ్చినాడని కొందరందురు. ఈ మాటను మేము నమ్మజాలము. పన్ను సంగతి పలనాటికి క్రొత్త కాదు. 1921-22లో ఇచ్చటికి సమీపముననే పెదనందిపాడు ప్రాంతపు రైతులు పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున పన్ను నిరాకరించిరి. 1922 ఫిబ్రవరిలో పశువుల మేతకు విధించిన పుల్లరిని ఎదిరించి కన్నెగంటి హనుమంతు మించాలపాడులో తుపాకి గుండ్లకు నేలకూలెను. వారు కాదనగలిగిరి, ఏలయన వారి వెనుక ఊరు నిలిచినది. కాదనగలవాడు అవుననిననే అది సమ్మతి. అరుగుమీది ఒంటరివాడు, వచ్చు నెల పింఛను ఎవరి సంచిలోనుండి రావలెనో ఆ మనుష్యుని ముఖము చూచుచు, ఏ నోట కాదనును? ఆతని మౌనము సమ్మతి కాదు, భయము.

సొమ్ము బ్యాంకిలో వేసిన యెడల ఈ బాధ తప్పుననుకొందుమా? బ్యాంకిలో చేరగానే పింఛను రూపాయి ఇతర రూపాయలలో కలిసిపోవును. అమెరికా దేశమున ఈ చిక్కును గుర్తించి, 2011లో ఒక నిబంధన చేసిరి: ఋణదాత జప్తు ఉత్తరువు తెచ్చినను, నేరుగా ఖాతాలో పడిన ప్రభుత్వ భృతులలో రెండు నెలల మొత్తమును బ్యాంకివారు తమంతట తామే విడిగా కాపాడవలెను. అయితే అచ్చటను కేంద్ర ప్రభుత్వము తన పన్ను బాకీకి సోషలు సెక్యూరిటీ భృతిలో నూటికి 15 వంతులవరకు పట్టుకొను అధికారమును తనకు ఉంచుకొన్నది. ఇతరుల చేతికి సంకెల వేసిన ప్రభుత్వము తన చేతిని విడిచిపెట్టుకొనుట అన్నిదేశములందును ఒక్కటే కాబోలు.

మరి బాకీ ఏమి కావలెను? పంచాయతీ ఆకలిగొన్నది కాదు, అది ఆగగలదు. ఆతనికి వేరు ఆస్తి యున్న యెడల, తాఖీదు పంపి న్యాయముగ రాబట్టవలెను. లేని యెడల, పంచాయతీ బహిరంగముగ చర్చించి వాయిదాలకో మాఫీకో తీర్మానింపవలెను. అప్పుడు పొరుగింటి వితంతువు గూడ తన మాట చెప్పగలదు. అన్నిటికన్న ముఖ్యముగా, పింఛను ఇచ్చు చేయి, పన్ను అడుగు చేయి వేరుగ నుండవలెను. దినమును వేరుగ నుండవలెను. మొత్తము సొమ్ము ఆతని అరచేతిలో పడవలెను. పిదప ఆతడే తన మేనల్లునిచే వంద రూపాయలు పంపి పన్ను కట్టినచో అది పౌరుడు చెల్లించిన పన్ను. ముందే కోసికొన్నచో ఆతని కాగౌరవమును దక్కదు. అభిమానముగల పేదవాడు బాకీ తీర్పగోరును. కోత ఆ కోరికను గూడ అపహరించును.

తుదిగా మనవంక చూచుకొందము. మన యింట అంట్లు తోము ఆమె జ్వరముతో పది దినములు రాలేదు. నెల మొదట ఆమె చేయి చాచినపుడు, పోయిన సంక్రాంతినాటి బదులు జ్ఞాపకము చేసి, పట్టుకొని, మిగిలినది ఇచ్చునది ఎవరు? ఆమె తల యూచినది గదాయని తృప్తిపడునది ఎవరు? సర్కారు గుణము మన గడపలలోనే మొలకెత్తినది. రాబోవు ఒకటవ తేదీన జీతము పూర్తిగా ఆమె చేతిలో పెట్టి, బదులు మాట మరియొక దినమునకు ఉంచుదము.