మూడు నెలల మాట



“జన్మలో ముట్టను” అని ఒట్టు వేసి, వారం తిరక్కుండా తప్పిన బిడ్డ మీ ఇంట ఉన్నాడా? నిరాశపడకండి.

డబ్లిన్ నగరపు కూలీ మాట్ టాల్బట్ చిన్నతనంలోనే తాగుడు మరిగాడు. 1884లో గురువు ఎదుట మూడు నెలలపాటు మాత్రమే ముట్టనని ప్రతిజ్ఞ చేశాడు. గడువు తీరగా పొడిగించి, చివరకు జీవితమంతటికీ చేశాడు. యావ పీడించినపుడు దేవాలయంలో మోకరిల్లాడు. జేబులో డబ్బు ఉంచుకోలేదు. 1925లో మరణించేవరకు, 41 ఏండ్లు, మళ్లీ తాగలేదు. 1975లో తిరుసభ ఆయనను గౌరవనీయునిగా ప్రకటించింది.

మద్యమైనా, గంజాయియైనా, బిడ్డను జన్మంతటికీ మాట అడగకండి. ఈ ఒక్కరోజుకు అడగండి. బాగా తాగేవారు హఠాత్తుగా మానితే వణుకు, ఫిట్సు రావచ్చు, డాక్టరుకు చూపించండి. మళ్లీ తప్పినా తలుపు మూయకండి. ఈ రాత్రి జపమాలకు అతణ్ణి పక్కనే కూర్చోబెట్టుకోండి.