ఫోన్లో వచ్చిన మాట ఎవరి మాట?

2016 జూన్. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒకటైన దేవనకొండలో రైతులు బుడ్డల (వేరుశనగ) విత్తనం దగ్గర పెట్టుకుని మబ్బుకేసి చూసే రోజులు. జూన్ మొదటి వారంలో విత్తడం అక్కడ తాతలనాటి అలవాటు. ఆ ఏడు మాత్రం ఏడు ఊళ్లలోని 175 మంది రైతుల ఫోన్లకు తెలుగులో సందేశాలు వచ్చాయి. వాటి సారం ఒక్కటే: తొందరపడొద్దు, ఆగండి. పంపింది పటాన్‌చెరు దగ్గరున్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్. లెక్క కట్టింది మైక్రోసాఫ్ట్ వాళ్ల కృత్రిమ మేధ. వెనక నిలబడింది రాష్ట్ర ప్రభుత్వం. 1986 నుంచి 2015 దాకా ముప్పయ్యేళ్లలో ఆ మండలంలో కురిసిన వానల లెక్కలన్నీ తీసి, నేలలో ఉండే తడి పైరు అవసరానికి ఏ వారంలో ఎంత సరిపోతుందో అంచనా వేసి, విత్తడానికి జూన్ చివరి వారం మేలని ఆ లెక్క తేల్చింది. ఆ మాట విని ఆగినవాళ్లకు హెక్టారు దిగుబడి సగటున 30 శాతం ఎక్కువ వచ్చిందని ఇక్రిశాట్ ప్రకటించింది. మరుసటి ఏడాది ఈ పని ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో మూడు వేలకు పైగా రైతుల దాకా పాకింది.

గ్రామాభివృద్ధికి సమాచార సాంకేతికత ఏం చేయగలదో చెప్పే సభల్లో ఈ 30 శాతం అంకె తరచూ వినిపిస్తుంది. వినిపించాలి కూడా. అయితే ఆ అంకెకు ముందు ఒక మూడు వారాలున్నాయి. వాటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఒక్క పదును వాన పడింది. పక్క చేలో గొర్రు తోలుతున్నారు. ఇంట్లో విత్తనం మూట అలాగే ఉంది, దాని కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ నడుస్తోంది. చేతిలో ఫోను, ఫోన్లో రెండు ముక్కలు. ఆగిన రైతు దేన్ని నమ్మి ఆగాడు? పంట పోతే వాన మోసం చేసిందనుకోవచ్చు, దేవుడు చిన్నచూపు చూశాడనుకోవచ్చు. ఫోను మోసం చేస్తే ఎవరి గడప తొక్కాలి?

ఇది కొత్త ప్రశ్నలా కనిపిస్తుంది గానీ మన తత్త్వశాస్త్రం దీన్ని చాలా ముందే పట్టుకుంది. మనిషికి ఏదైనా తెలిసిందంటే ఏ దారిన తెలిసిందని అది అడుగుతుంది. కంటితో, చేత్తో తెలుసుకుంటే ప్రత్యక్షం. గుర్తును చూసి తేల్చుకుంటే అనుమానం. ఇంకొకరు చెప్పగా తెలిస్తే శబ్దం. రైతు భాషలో అనుమానం అంటే సందేహం. తర్కంలో దానికి అర్థం వేరు. ఆ జూన్‌లో దేవనకొండ రైతుకు రెండు అర్థాల్లోనూ అనుమానం పనిచేసే ఉంటుంది.

చెప్పిన ప్రతి మాటా ప్రమాణం కాదు. ఆప్తుడు చెప్పిందే ప్రమాణం అంటుంది తర్కం నేర్పే న్యాయశాస్త్రం. ఆ ఆప్తుడెవరో దాని భాష్యకారుడు వాత్స్యాయనుడు విప్పి చెప్పాడు. విషయాన్ని తాను స్వయంగా ఎరిగి ఉండాలి. ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒకటేనన్నాడు. ఎంత విశాలమైన మాట! కులం చూడలేదు, దేశం చూడలేదు. ఆ లెక్కన సముద్రం అవతల రాసిన ప్రోగ్రాము చెప్పిందన్న ఒక్క కారణంతో ఫోన్లోని మాటను తోసిపుచ్చే వీల్లేదు. మన పంచాంగంలో ఉందన్న ఒక్క కారణంతో ఇంకోదాన్ని నెత్తికెత్తుకునే వీలూ లేదు.

నిజానికి పంచాంగానికీ ఫోనుకూ అనుకున్నంత పోట్లాట లేదు. కార్తెలంటే ఏమిటి? సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నప్పుడు ఏ వాన వస్తుందో, ఏ విత్తనం పడాలో తరతరాలుగా గమనించి కట్టుకున్న లెక్క. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో మొదలవుతుంది. యంత్రం చెప్పిన జూన్ చివరి వారం సరిగ్గా ఆరుద్రలోనే పడింది. రెండూ జ్ఞాపకం మీద కట్టిన లెక్కలే. ఒకదానిలో ముప్పయ్యేళ్లు, ఇంకోదానిలో ఎన్నేళ్లో ఎవరూ లెక్కపెట్టలేదు. తేడా మరోచోట ఉంది. ఉగాదినాడు పంచాంగం చదివిన అయ్యవారు ఊళ్లోనే ఉంటాడు. ఆయన చెప్పిన వాన పడకపోతే ఏరువాక దాటాక ఎదురుపడి అడిగే హక్కు రైతుకుంది. ఫోన్లో మాట చెప్పినవాళ్లు ఎదురుపడరు.

దేవనకొండ ప్రయత్నం నిలబడటానికి సగం కారణం ఇక్కడే ఉందనిపిస్తుంది. ఇక్రిశాట్ అప్పటికే ప్రభుత్వంతో కలిసి ‘రైతు కోసం’ పేరిట జిల్లాల్లో పనిచేస్తోంది. సందేశం వెనక తెలిసిన మొహాలున్నాయి. పైగా ఒక్క సందేశంతో ఊరుకోలేదు, విత్తడం మొదలు కోత దాకా సలహాలు వస్తూనే ఉన్నాయి. ఆగమని చెప్పినవాళ్లు ఆ తర్వాతా మాట్లాడారు. అంత ముందస్తు పరిచయం లేకుండా ఆ రెండు ముక్కలే ఎక్కడినుంచో ఊడిపడి ఉంటే 175 మందిలో ఎందరు ఆగేవారు?

అయినా, ఆగినవాళ్లెవరూ చేను చూడకుండా గొర్రు కట్టి ఉండరు. కాలి బొటనవేలితో మట్టి గీరి, జానెడు లోతు నుంచి పిడికెడు తీసి పిసికి చూస్తారు. ఉండ కట్టి, కింద పడేస్తే పగిలితే పదునున్నట్టు. యంత్రం ముప్పయ్యేళ్ల లెక్కతో వెతికింది కూడా ఆ పదునే. శబ్దం ప్రత్యక్షాన్ని తోసేయలేదు, దాని దగ్గరికి పంపింది. ఈ సాంకేతికత చేసే పనుల్లో ఇంతకన్నా ఉత్తమమైనది మరొకటి ఉండదు.

ఆదోని పత్తి యార్డుకు వస్తే బొమ్మ మారుతుంది. 2016 ఏప్రిల్ 14న దేశంలో 21 మార్కెట్లతో మొదలైన ఆన్‌లైన్ వేలం వేదిక ఈ-నామ్‌లోకి ఆ తర్వాత ఆదోని కూడా చేరింది. ధర తెర మీద పడుతుంది, ఎవరు ఎంత పాడారో దాచడం కష్టమవుతుంది. మంచిదే. కానీ కొనేవాడు ఇప్పటికీ బోరెంలోకి చెయ్యి దూర్చి దూది తుంపు తీస్తాడు. రెండు బొటనవేళ్ల మధ్య పట్టి నెమ్మదిగా లాగుతాడు. తెగిన పింజను వెలుతురుకు పెట్టి పొడవు చూస్తాడు. ఆ తర్వాతే అంకె. వేళ్లు చూసినదాన్ని రైతు కూడా తన వేళ్లతో చూడగలడు, వాదించగలడు. నిమ్ము కొలిచే మీటరు పెట్టినప్పుడు ఆ వాదనకు చోటుండదు. భారత పత్తి సంస్థ నిమ్ము 12 శాతం దాటిన పత్తిని తీసుకోదు. మీటరులో పన్నెండున్నర పడితే మద్దతు ధర పోయినట్టే. ‘యంత్రమే చెప్పింది కదా’ అనే మాట ముందు రైతు నోరు మూసుకోవలసి వస్తుంది.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతోంది, దాన్ని గట్టిగా చెప్పుకోవాలి. యంత్రం చూపే అంకెను మనం ప్రత్యక్షం అనుకుంటున్నాం. అది ప్రత్యక్షం కాదు, శబ్దం. ఆ మీటరును ఎవరో తయారు చేశారు, ఎవరో సరిచేశారు, ఎవరో ఒక మూట ఎంచి అందులో గుచ్చారు. వాళ్లందరి మాట కలిస్తే తెర మీద అంకె అవుతుంది. మాట అయినప్పుడు ఆప్తవాక్యమా కాదా అన్న పరీక్షకు అదీ నిలబడాల్సిందే.

ఈ పొరపాటుకు అన్నిటికన్నా ఎక్కువ ధర చెల్లించేది రేషన్ షాపు ముందు నిలబడిన ముసలి చేతులు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, నందవరం ఊళ్లలో ఆ చేతులు పత్తి తీసినవి, మిరపకాయలు కోసినవి, రాళ్లు మోసినవి. ఎమ్మిగనూరులోనైతే మగ్గం మీద అరిగినవి. గీతలు చెరిగిపోయాయి.

“అవ్వా, ఇంకో వేలు పెట్టు.”

“ఇది పెట్టినా నాయనా, ఇందాకే.”

“తుడుచుకుని పెట్టు.”

కొంగుకు తుడిచి పెడుతుంది. ఎర్ర లైటు. డీలరుకు ఆ అవ్వ చిన్నప్పటి నుంచి తెలుసు. వెనక వరుసలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. అంతమంది సాక్ష్యం ఒకవైపు, అగ్గిపెట్టెంత గాజుపలక ఒకవైపు. నువ్వు నువ్వు కాదంటుంది గాజుపలక. ‘నేనెవరు’ అన్న ప్రశ్నను అడవుల్లో, ఆశ్రమాల్లో కూర్చుని తేల్చుకోవాలనుకున్న దేశంలో అది కిలో బియ్యం దగ్గర ఇలా ఎదురైంది.

వేలిముద్ర యంత్రాలు చెడ్డవని చెప్పడం సులువు. అది నిజం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డుతో ఇవ్వడం మొదలైంది. దాని ఫలితాలను కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో పరిశీలించారు. ఆ ఎనిమిదిలో కర్నూలు ఒకటి. డబ్బు త్వరగా చేతికొచ్చింది, మధ్యలో కారిపోవడం తగ్గింది. పాత పద్ధతికన్నా ఇదే నయమని కార్డుదారుల్లో నూటికి తొంభై మందికి పైగా చెప్పారు. తర్వాత కొన్నేళ్లకు అదే ముగ్గురు జార్ఖండ్ రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్రను పరిశీలించారు. అక్కడ కథ తిరగబడింది. అంతకుముందు ఆధార్ జత కాని కార్డుదారులకు అందే సరుకు పది శాతం తగ్గింది.

రెండుచోట్లా వేలే, రెండుచోట్లా యంత్రమే. మరి తేడా ఎక్కడుంది? ఇక్కడ ముద్ర పడకపోయినా, కార్డు రాకపోయినా మనిషి పూచీ మీద డబ్బు ఇచ్చే దారి తెరిచి ఉంచారు. అక్కడ ఆ దారి ఇరుకైపోయింది. ఆంధ్రప్రదేశ్ రేషన్ షాపుల్లోనూ ముద్ర పడనివారికి గ్రామ రెవెన్యూ అధికారి తన వేలు పెట్టి సరుకు ఇప్పించే ఏర్పాటు వచ్చింది. ఒకరి కోసం ఇంకొకరు వేలు పెట్టడమంటే ‘ఈమె ఈమేనని నేను చెబుతున్నాను’ అని పూచీ పడటం. న్యాయశాస్త్రం వెతికిన ఆప్తుడు అక్కడ సర్కారు ఉద్యోగి రూపంలో నిలబడ్డాడు. ఆ అధికారి ఆ పూట ఊళ్లో ఉంటే.

ఎమ్మిగనూరు నుంచి అరగంట పోతే మంత్రాలయం. 1671లో రాఘవేంద్రస్వామి అక్కడే బృందావనం ప్రవేశించారు. భక్తులు ఆయన్ను కోరికలు తీర్చే గురువుగా కొలుస్తారు. జయతీర్థుల న్యాయసుధకు పరిమళమనే వ్యాఖ్య రాసిన గట్టి తార్కికుడన్నది చాలామంది గుర్తుపెట్టుకోరు. ఆయన నిలబడిన మధ్వ సంప్రదాయంలో ‘సాక్షి’ అనే ఒక మాట ఉంది. కన్ను చూసినా, చెవి విన్నా, అది నిజమో కాదో చివరికి తేల్చేది లోపలున్న సాక్షేనంటారు మాధ్వులు. ప్రమాణాలన్నీ దాని ముందు హాజరు వేయించుకోవలసిందే. తెర మీద పడిన అంకెనూ, ఎర్ర లైటునూ చూసి ‘ఇది తప్పు’ అనగలిగిన సాక్షి డీలరులోనూ ఉన్నాడు. అతని సాక్ష్యాన్ని నమోదు చేసే గడి మాత్రం ఆ యంత్రంలో లేదు.

మంత్రాలయంలో మన్రో కథ ఒకటి అందరూ చెబుతారు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఈ సీమ పొలాలన్నీ గొలుసులతో కొలిపించి దస్త్రాలకెక్కించినవాడు. అప్పట్లో ఆదోని ప్రాంతం ఆయన ఏలుబడిలోదే. మఠం భూముల తగువు తేల్చడానికి వచ్చి, టోపీ తీసి, జోళ్లు విడిచి లోపలికి వెళ్లాడనీ, బృందావనంలోంచి స్వామి గొంతు ఆయనొక్కడికే వినిపించిందనీ, బయటికొచ్చి మఠానికి అనుకూలంగా రాశాడనీ కథ. ఎలా జరిగిందో తేల్చే ఆధారం కోసం చూడకుండానే సీమ జనం దీన్ని రెండు వందల ఏళ్లుగా దాచుకున్నారు. దాచుకున్నది మహిమనొక్కదాన్నే అనుకోలేం. దస్త్రం రాయించిన దొరే దస్త్రంలో లేని గొంతు విన్నాడు. ఆ మాట వాళ్లకు ఇష్టం.

దస్త్రానికి అందని మనిషి గొంతు వినే దారులు ఇప్పుడు కొన్ని పెరిగాయి. 2019 ఆగస్టు నుంచి ఆంధ్రప్రదేశ్ కార్డు మీద తెలంగాణలో, తెలంగాణ కార్డు మీద ఇక్కడ రేషన్ తీసుకోవచ్చు. సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయి తెలంగాణ పత్తి చేలల్లో నెలలు గడిపే కుటుంబాలకు ఇది ఉత్తమాటల మేలు కాదు. మోసుకుపోయే బియ్యం మూట బరువు తగ్గింది. ఒకప్పుడు ఊరు వదిలితే కార్డు చచ్చిన కాగితం.

కానీ సుగ్గికి అందరూ పోరు. పడుచువాళ్లు గుంటూరు మిరప చేలకు పోతారు, ముసలివాళ్లు ఇంటి దగ్గరుంటారు. ఇంటికి ఉన్న ఒక్క ఫోనూ కొడుకుతోపాటే పోతుంది. వేలిముద్ర పడకపోతే ఓటీపీ అడిగే పనులు చాలా ఉన్నాయి. ఆ ఆరంకెలు గుంటూరు జిల్లాలో ఎక్కడో మిరప సాళ్ల మధ్య కొడుకు జేబులో మోగుతాయి. ఇక్కడ కౌంటరు దగ్గర కుర్రాడు తన ఫోను తీసి ఆ నంబరుకు కలుపుతాడు. అవతల నుంచి ఒక్కో అంకె వినిపిస్తుంటే ఒక్కోటే నొక్కుతాడు. గడువు దాటకముందే ఆరోది పడుతుంది. పచ్చ లైటు వెలుగుతుంది. ఫోను పెట్టేయబోతుంటే అవ్వ చెయ్యి చాస్తుంది.

“ఒక్క నిమిషం ఇయ్యి నాయనా.” ఫోను రెండు చేతులా చెవికి అదుముకుంటుంది. “ఒరే... అన్నం తింటివా?”