మనం చిన్నచూపు చూస్తున్న సున్నత్



దుబ్బాక పేరు వినగానే మనకు మగ్గాలు గుర్తొస్తాయి. ఇంటి అరుగు మీద చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టే తల్లులు, అక్కచెల్లెళ్లు గుర్తొస్తారు. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడింది. అంతకు ముందు మెదక్ జిల్లాలో ఉన్నప్పుడూ ఈ ఊరి జీవనం ఇదే. హిందువులు, ముస్లింలు అనే తేడా లేకుండా ఎన్నో కుటుంబాలకు తునికాకు, తంబాకు, దారపు ఉండే కూడు పెడుతున్నాయి.

ఆ ఊళ్లో ఒకసారి మహిళల దర్స్ ముగించి లేవబోతున్నాం. పరదా వెనుక నుంచి ఒక పెద్దావిడ అడిగింది: “బేటా, దవడ పండ్లు కదులుతున్నాయి. సలుపు తగ్గడానికి తంబాకు పొడి రుద్దుకుంటాను. మిస్వాక్ పెడితే రక్తం వస్తోంది. రక్తం వస్తే వుజూ పోతుందని మిస్వాక్ మానేశాను. నేను చేసింది సరేనా?”

ఆమె అడిగింది వుజూ గురించి. అయితే ఆ ఒక్క ప్రశ్నలో ధర్మం, ఆరోగ్యం రెండూ ఉన్నాయి. “ఖాలా, వచ్చే నెల వివరంగా చెబుతాం” అని అప్పటికి తప్పించుకున్నాం. నిజం చెప్పాలంటే ఆమెకు జవాబు చెప్పే ముందు మా నోరు మాకు గుర్తొచ్చింది. మా జేబులో మిస్వాక్ ఉండేది. మా చిగుళ్ల నుంచి కూడా రక్తం వచ్చేది.

దైవప్రవక్త (స) ఆచరణ

నోటి శుభ్రతను మన ధర్మం ఇంటి పనిగా చూడలేదు, ఆరాధనతో ముడిపెట్టింది. ఉమ్మత్‌కు కష్టమవుతుందన్న సంకోచమే లేకపోతే ప్రతి నమాజుకూ మిస్వాక్ చేయమని ఆదేశించేవాణ్ణని దైవప్రవక్త (స) చెప్పినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఆయన (స) ఇంట్లో అడుగు పెట్టగానే మొదట చేసే పని మిస్వాక్ అని హజ్రత్ ఆయిషా (ర.అన్హా) తెలిపారు. రాత్రి తహజ్జుద్‌కు లేచినప్పుడు మిస్వాక్‌తో నోరు శుభ్రం చేసుకునేవారని హజ్రత్ హుజైఫా (ర) చెప్పారు. అంతిమ ఘడియల్లో సయితం, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ అబూబక్ర్ (ర) చేతిలోని మిస్వాక్ వైపు ఆయన చూశారు. హజ్రత్ ఆయిషా దాన్ని తన పంటితో మెత్తబరచి ఇచ్చారు. ప్రాణం పోయే వేళ కూడా ఆయన విడువని పనిని ఆరోగ్యంగా ఉన్న మనం బద్ధకంతో విడిచిపెట్టడం ఎంత విచారకరం!

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మిస్వాక్ చేసి చదివిన నమాజుకు 70 రెట్ల పుణ్యం అనే మాట మన సభల్లో తరచుగా వినిపిస్తుంది. దాని పరంపర బలహీనమైనదని హదీసువేత్తలు చెప్పారు. బలమైన హదీసులు ఇన్ని ఉండగా బలహీనమైన వాటి ఆసరా మనకెందుకు? అలాగే మిస్వాక్ అన్ని రోగాలనూ నయం చేస్తుందని ప్రచారం చేయడమూ తగదు. సున్నత్ గొప్పదనానికి అతిశయోక్తుల అవసరం లేదు.

పాచి ఎలా పడుతుంది? గార ఎలా అవుతుంది?

మన పెద్దలు రెండు మాటలు వేరువేరుగా వాడారు. మెత్తగా, జిగటగా ఉండేది పాచి. గట్టిపడి, గోటితో గీకినా రానిది గార. వైద్యులూ ఈ రెంటినీ ఇలాగే వేరుచేసి చెబుతారు.

పళ్లు తోముకున్న కొద్ది సేపటికే లాలాజలంలోని పదార్థాలు పంటి మీద పలుచని పొరగా ఏర్పడతాయి. నోట్లోని సూక్ష్మక్రిములు దాని మీద చేరి, ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని కాపురం పెడతాయి. అదే పాచి. 1683లో హాలెండు దేశస్తుడు లీవెన్‌హుక్ తన పంటి పాచిని తాను చేసిన భూతద్దం కింద పెట్టి చూసి, అందులో ప్రాణులు కదలాడుతున్నాయని లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. కంటికి కనిపించనిది లేదని అనుకోరాదనడానికి ఇదొక నిదర్శనం.

మనం తీపి తిన్నప్పుడు ఈ క్రిములూ తింటాయి. తిని ఆమ్లాన్ని వదులుతాయి. ఆ ఆమ్లం పంటి పైపొరలోని సున్నపు అంశాన్ని కరిగిస్తుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి నోటిని మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. గంటకోసారి చక్కెర చాయ్ తాగేవారి నోటికి ఆ విరామమే దొరకదు. కనుక ఎంత తీపి తిన్నామన్నదే కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నది కూడా ముఖ్యం.

పాచిని తీయకుండా వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు అందులో పేరుకుని కొన్ని రోజుల్లోనే గట్టిపడటం మొదలవుతుంది. అదే గార. గార గరుకుగా ఉంటుంది గనుక దాని మీద కొత్త పాచి ఇంకా సులువుగా పడుతుంది. చిగురు వాస్తుంది, రక్తం కారుతుంది, పంటి నుంచి విడివడుతుంది. చివరికి లోపలి ఎముక అరిగి పన్ను కదులుతుంది. దుబ్బాక నేతన్నలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పడుగులో తెగిన పోగును అప్పటికప్పుడు అతికితే క్షణం పని. చూసీ చూడనట్లు ముందుకు పోతే బట్టంతా పాడవుతుంది.

రక్తం వస్తే మానాలా?

1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హరాల్డ్ లో అనే దంతవైద్యుడు, ఆయన సహచరులు ఒక పరిశీలన జరిపారు. ఆరోగ్యవంతమైన చిగుళ్లున్న 12 మంది పళ్లు తోముకోవడం మానేశారు. 10 నుంచి 21 రోజుల్లోగా అందరికీ చిగుళ్ల వాపు వచ్చింది. మళ్లీ శుభ్రం చేయడం మొదలుపెట్టాక సుమారు వారం రోజుల్లో తగ్గిపోయింది.

దీన్నిబట్టి ఖాలాకు మన మొదటి జవాబు ఇది: చిగుళ్ల నుంచి రక్తం ఎక్కువగా పాచి వల్లే వస్తుంది. కాబట్టి రక్తం చూసి శుభ్రత మానితే పాచి పెరుగుతుంది, రక్తమూ పెరుగుతుంది. మెత్తగా, నెమ్మదిగా శుభ్రం చేయడం మానకూడదు. వుజూ విషయానికొస్తే, ఉమ్మిలో రక్తపు రంగు పైచేయిగా ఉంటే వుజూ భంగమవుతుందని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు. అప్పుడు పుక్కిలించి, రక్తం ఆగాక మళ్లీ వుజూ చేసుకుంటే సరిపోతుంది. ఒక సున్నత్‌ను కాపాడుకోవాలని మరో సున్నత్‌ను వదులుకోవలసిన పని లేదు.

తంబాకు అనే మోసం

రెండో జవాబు కఠినమైనది. తంబాకు నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుందే తప్ప రోగాన్ని తగ్గించదు. బీడీ, సిగరెట్టు తాగేవారి చిగుళ్లకు రక్తప్రసరణ తగ్గుతుంది. అందువల్ల లోపల రోగం ముదురుతున్నా రక్తం అంతగా కనిపించదు. “మాకేమీ లేదు” అని వారు మోసపోతారు. ఖైనీ, గుట్కా, జర్దా పాన్ నోటి క్యాన్సర్‌కు దారితీస్తాయి. నోట్లో రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, నోరు పూర్తిగా తెరవలేకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి.

మన చేతులతో మనల్ని నాశనంలో పడవేసుకోవద్దని దివ్య ఖుర్ఆన్ హెచ్చరిస్తోంది. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని ఆ వాసనతో మస్జిదుకు రావద్దని దైవప్రవక్త (స) వారించారు. హలాల్ అయిన ఉల్లిపాయకే ఈ నియమం ఉంటే, బీడీ ఆర్పి నేరుగా సఫ్‌లో నిలబడే మన సంగతేమిటి?

అయితే ఒక మాట. బీడీలు చుట్టి పిల్లల్ని చదివించిన ఆ తల్లుల మీద నింద వేయడం మా ఉద్దేశం కాదు. వారు పీల్చే తంబాకు దుమ్ము వారి ఆరోగ్యాన్నే తినేస్తోంది. వారికి మరో గౌరవప్రదమైన ఉపాధి చూపించే బాధ్యత మనలో స్థోమత గలవారందరిదీ. ఉపాధి చూపకుండా ఉపదేశం మాత్రం చేస్తే ఆ ఉపదేశం చెవి దాకా పోతుందే గాని గుండె దాకా పోదు.

ఏం చేయాలి?

రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకునే ముందు, రెండు నిమిషాల పాటు పళ్లు తోముకోవాలి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది గనుక రాత్రి మిగిలిన పాచి ఎక్కువ హాని చేస్తుంది. మెత్తటి బ్రష్‌తో, ఫ్లోరైడు ఉన్న పేస్టుతో, చిగురు అంచు వెంబడి తోమాలి. నల్గొండ ప్రాంతపు ఫ్లోరోసిస్‌ను ఎరిగినవారు ఫ్లోరైడు పేరు వింటేనే భయపడతారు. ఆ హాని భూగర్భ జలాల్లోని అధిక ఫ్లోరైడును ఏళ్ల తరబడి తాగడం వల్ల వచ్చింది. పేస్టును మింగకుండా ఉమ్మేస్తే ఆ భయం అవసరం లేదు. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల లోపు వారికి బఠాణీ గింజంత చాలు. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు రాళ్లతో రుద్దితే పంటి పైపొర అరిగిపోతుంది.

మరి మిస్వాక్? పీలూ చెట్టు పుల్లనే అరబ్బులు అరాక్ అంటారు. మన వేప పుల్ల కూడా పాచిని తీస్తుంది. మిస్వాక్ వాడే అలవాటున్న ప్రజలు దాన్ని కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో సూచించింది. అయితే ముందు పళ్ల మీద నాలుగుసార్లు ఆడించి జేబులో పెట్టుకుంటే సున్నత్ ఉద్దేశం నెరవేరదు. లోపలి వైపు, దవడ పళ్లు, నాలుక కూడా శుభ్రం కావాలి. కొసను రోజూ కత్తిరించి కొత్తగా నమలాలి. పళ్ల సందుల్లోకి పుల్ల పోదు. అక్కడికి దారమో, సందుల బ్రష్షో కావాలి. నమాజు వేళల్లో మిస్వాక్, ఉదయం, రాత్రి బ్రష్ అన్న పద్ధతి పెట్టుకుంటే రెండు మేళ్లూ దక్కుతాయి.

గట్టిపడిన గార బ్రష్షుకు గానీ మిస్వాక్‌కు గానీ రాదు. దంతవైద్యుడే తీయాలి. “గార తీయిస్తే పండ్లు వదులవుతాయి” అన్నది అపోహ. వాచిన చిగురు తగ్గి, గార నిండిన సందులు బయటపడతాయి గనుక అలా అనిపిస్తుంది. చక్కెర వ్యాధి ఉన్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ వ్యాధి చిగుళ్ల రోగాన్ని పెంచుతుంది, చిగుళ్ల రోగం చక్కెరను అదుపులోకి రానివ్వదు. ఖర్చుకు వెనుకాడేవారికి హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది.

రమజానులో

ఉపవాసి నోటి వాసన అల్లాహ్‌కు ఎంతో ప్రియమైనదన్న హదీసును కొందరు పొరపాటుగా అర్థం చేసుకుని నెలంతా నోటిని పట్టించుకోరు. ఆ వాసన ఖాళీ కడుపు వల్ల కలిగేది. పళ్లలో ఇరుక్కున్న ఆహారం కుళ్లిన వాసనకు దానితో సంబంధం లేదు. ఉపవాసంలో రోజంతా మిస్వాక్ చేయవచ్చని హనఫీలు చెప్పారు. మధ్యాహ్నం తర్వాత మానడం మంచిదని షాఫయీలు అన్నారు. రుచి గల పేస్టును మాత్రం పగలు వాడకపోవడం మేలు. ఇఫ్తారు ఖర్జూరం, షర్బతు తీపి పళ్లకు అంటుకుని ఉంటుంది. తరావీహ్ తర్వాత ఒకసారి, సహరీ ముగియకముందే మరోసారి తోముకుంటే రోజంతా నోరు హాయిగా ఉంటుంది.

మళ్లీ దుబ్బాక వెళ్లినప్పుడు ఖాలా కనిపించారు. మూడు పళ్లు తీయించవలసి వచ్చిందట. మిగిలిన వాటి గార తీశారట. “రొట్టె ఇంకా చాయ్‌లో నానబెట్టుకునే తింటున్నాను బేటా. కానీ రక్తం ఆగింది. తంబాకు రుద్దడం మానేశాను. రాత్రిపూట మనవరాలు, నేను పక్కపక్కన నిలబడి తోముకుంటున్నాం” అన్నారు. పోయిన పళ్లు తిరిగి రావు. కానీ ఆ మనవరాలి పళ్లు నిలుస్తాయి, ఇన్షా అల్లాహ్. ఆమెకు జవాబు నెల రోజులు వాయిదా వేసినందుకు మేము ఆమెను క్షమాపణ అడిగాం.

సోదరులారా! ఖుర్ఆన్ పఠించేది ఈ నోటితోనే. కలిమా పలికేదీ దీనితోనే. ఇది మన సొత్తు కాదు, అల్లాహ్ అప్పగించిన అమానత్. ఈ రాత్రి ఇషా నమాజు తర్వాత పడుకునే ముందు మన పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని మొదలుపెడదాం.

పరిశుద్ధతను ప్రేమించేవారిలో అల్లాహ్ మనల్ని చేర్చుగాక! ఆమీన్.