గాయమునకు వెల – న్యాయవాది ధర్మము

పోయిన చేతికి వెల యెంత? దానిని తూచగల త్రాసు లోకమున లేదు. ఐనను ఆ ప్రశ్ననే ప్రతిదినము న్యాయస్థానము ముందుంచవలసిన వృత్తి యొకటి కలదు. అది రోడ్డు ప్రమాదములలో తీవ్రముగా గాయపడినవారి పక్షమున నష్టపరిహారము కోరు న్యాయవాది వృత్తి. అట్టివాని ధర్మమేమి?

1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 168వ సెక్షను, ట్రిబ్యునలు తనకు న్యాయమని తోచిన పరిహారమును నిర్ణయింపవలెనని చెప్పుచున్నది. అది అంగమునకు కట్టిన వెల కాదు. మిగిలిన జీవితమునకు ఇచ్చు ఊత. రాజ్‌కుమార్ - అజయ్‌కుమార్ వ్యాజ్యమున 2010లో సుప్రీంకోర్టు ఈ సూక్ష్మమును చక్కగా వివరించినది. ఎడమచేయి పోయినవాని అంగవైకల్యమును నూటికి 60 పాళ్లుగా లెక్కింపవచ్చును. అతడు వడ్రంగియో, డ్రైవరో ఐనచో సంపాదన దాదాపు నూటికి 100 పాళ్లు పోవును. ప్రభుత్వ కార్యాలయములో గుమాస్తా ఐనచో ఉద్యోగము నిలువవచ్చును. గాయమొకటే; నష్టము వేరు. కావున న్యాయవాది వైద్యుని పత్రమును మాత్రమే కాక మనిషిని చదువవలెను. ఆ చేయి ఏ పని చేసెడిది? మంచమున పడినవానిని రాత్రివేళ ప్రక్కకు త్రిప్పువారెవరు? వారి శ్రమకు లెక్క యెవరు కట్టుదురు?

ఇచటనే పరీక్ష ఎదురగును. నెలకు 15,000 రూపాయలు తెచ్చువానికి 30,000 అని వ్రాయుడని బంధువులు వేడుకొందురు. "బీమా కంపెనీ సొమ్మే కదా!" అందురు. జాలితో ఆడిన అసత్యము దోషమగునా? అగును. ఆ సొమ్ము వేలకొలది వాహనదారులు కట్టిన ప్రీమియము. పైగా క్రాస్ పరీక్షలో ఒక్క అబద్ధము బయటపడినచో నిజమైన బాధయు శంకింపబడును. ఐతే ఎక్కువ చెప్పుట అసత్యమైనచో, శ్రమకు జంకి తక్కువ మొత్తమునకు రాజీపడుటయు అసత్యమే. మొదటిదానిని లోకము నిందించును. రెండవది ఎవరి కంటను పడదు.

ప్రతిఫలము మాటయు అట్టిదే. వచ్చిన పరిహారములో వాటా తీసికొనరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమము. ముందుగా ఫీజు చెల్లింపలేని పేదకు "గెలిచిన పిదపనే ఇమ్ము" అనుట ఉపకారము వలె తోచును. కాని వాటా కుదుర్చుకొన్నవాడు పరుని గాయమును తన లాభముతో కొలువ నారంభించును. పేదకు సాయపడదలచినవాడు ఫీజు తగ్గించుకొనవచ్చును, ఉచితముగ వాదింపవచ్చును. గాయములో భాగస్వామి కారాదు.

న్యాసమనగా నమ్మి అప్పగించినది. క్షతగాత్రుడు న్యాయవాదికి అప్పగించునది కాగితముల కట్ట కాదు, తన శేషజీవితము. పాఠకులారా! అట్టి ఆపద మన ఇంటికి రాకుండుగాక. వచ్చినచో, న్యాయవాదిని నిజము చెప్పనిచ్చుట మన వంతు. ఆ నిజమును ఒక్క రూపాయియు తరుగకుండ నిలబెట్టుట అతని వంతు.